సూర్యుడు అస్తమించక ముందే...

‘నీకింకా పదిహేనేళ్లే ఆయుష్షుంది’ అని దేవుడే స్వయంగా చెబితే మనమేం చేస్తాం? ఒక్క గడియ కూడా వృథా కానివ్వం అనుకుంటాం. కానీ ఆ మాట నిజంగానే విన్న వ్యక్తి ఒకరు బైబిల్లో ఉన్నారు. ఆయన యూదా రాజైన హిజ్కియా. మరణకరమైన రోగంతో మంచం పట్టిన ఆయనతో, ఇక బతకవు గనుక ఇల్లు చక్కబెట్టుకొమ్మని యెషయా ప్రవక్త చెప్పాడు. రాజు గోడవైపు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు కనికరించి మరో 15 ఏళ్లు ఆయుష్షు పొడిగించాడు (2 రాజులు 20 అధ్యాయం).

ఆ 15 ఏళ్లలో ఏం జరిగింది? బబులోను నుంచి పరామర్శకు దూతలొస్తే, హిజ్కియా తన వెండి బంగారాలు, సుగంధ ద్రవ్యాలు, ఆయుధశాల అన్నీ తిప్పి చూపించాడు. ఇవన్నీ ఒకనాడు బబులోనుకు తరలిపోతాయని, నీ సంతానం అక్కడ ఊడిగం చేస్తుందని ప్రవక్త హెచ్చరిస్తే, తన రోజులు ప్రశాంతంగా గడిస్తే చాలని సరిపెట్టుకున్నాడు. ఆయన చనిపోయేనాటికి కొడుకు మనష్షేకు 12 ఏళ్లు. అంటే ఆ బిడ్డ పుట్టింది దేవుడు పొడిగించిన ఆ కాలంలోనే! తండ్రి పడగొట్టించిన ఉన్నత స్థలాలను ఆ కొడుకే మళ్లీ కట్టించాడు. హిజ్కియాకు ఆయుష్షు పెరిగింది కానీ, ఇల్లు మాత్రం చక్కబడలేదు.

జీవితం చిన్నదని తెలియక మనం కాలాన్ని వృథా చేస్తున్నామనుకుంటే పొరపాటే. ఆ సంగతి తెలియనిదెవరికి? సమాధి కార్యక్రమాల్లో 90వ కీర్తన చదివి నేనెన్నోసార్లు ఆ మాటే చెప్పాను. విన్నవాళ్లు కన్నీళ్లు తుడుచుకుంటారు, ఇంటికెళ్లి స్నానం చేస్తారు, సాయంత్రానికి టీవీ ముందో సెల్‌ఫోన్ ముందో కూర్చుంటారు. వాళ్లనేల అనాలి? నేనూ అంతే.

కొన్నేళ్ల క్రితం మా సంఘ పెద్ద ఒకాయనను కమిటీ మీటింగులో అందరిముందూ పరుషంగా మాట్లాడాను. తప్పు నాదేనని ఆ రాత్రే అర్థమైంది. వెళ్లి క్షమాపణ అడగాలనుకున్నాను. ఆయన ఇల్లు మా చర్చికి నాలుగు వీధుల అవతలే. క్రిస్మస్ పనులు అయ్యాక వెళ్దామనుకున్నాను, తర్వాత ఈస్టర్ అయ్యాక అనుకున్నాను. సమయం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ అదే రోజుల్లో క్రికెట్ మ్యాచులు చివరి బంతిదాకా చూశాను! రెండేళ్లు అలా గడిచాక ఒక తెల్లవారుజామున ఫోనొచ్చింది. వెళ్లేసరికి ఆయన లేరు. ‘మీరొస్తారేమోనని ఆయన ఒకట్రెండుసార్లు అన్నారు అయ్యగారూ’ అంది ఆయన భార్య. ఆ మాటకు జవాబు నాకు ఈనాటికీ దొరకలేదు.

నాకు లేనిది సమయం కాదు, తగ్గించుకునే మనసు. చేయవలసిన పని కష్టమైనప్పుడు మనం ఖాళీగా కూర్చోము, దానికి బదులు తేలికైన పనులు పది కల్పించుకుంటాం. కాలం వృథా కావడమంటే చాలాసార్లు ఇదే. విశ్రాంతి తీసుకోవడం వృథా కాదు. తుపానులో ప్రభువు కూడా పడవలో నిద్రపోయాడు. చావుబతుకుల్లో ఉన్న యాయీరు కుమార్తె కోసం వెళ్తూ కూడా, దారిలో తన వస్త్రాన్ని ముట్టిన ఒక రోగిష్టి స్త్రీ కోసం ఆగాడు. ఆయన హడావిడి పడలేదు, అలాగని తండ్రి అప్పగించిన పనిని రేపటికి వాయిదా వేయనూ లేదు.

సమయాన్ని సద్వినియోగం చేసుకొమ్మని ఎఫెసీ సంఘానికి పౌలు రాశాడు (5:16). అక్కడ ఆయన వాడిన గ్రీకు క్రియకు సంతలో సరుకును కొనుక్కోవడమనే అర్థముంది. కొనాలంటే వెల చెల్లించాలి. ఆ వెల డబ్బు కాదు, మన అహం. అదే పత్రికలో అంతకుముందే (4:26) కోపానికి ఆయన ఒక గడువు కూడా పెట్టాడు. ఏడాది కాదు, నెల కాదు, సూర్యాస్తమయం! డెబ్బై ఏళ్లకో, ఎనభై ఏళ్లకో లెక్కలు వేసుకోవడం మనవల్ల కాదు. కానీ ఈరోజు పొద్దు గూకేలోగా చేయవలసిన పని ఏమిటో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. మాటలు మానేసిన తమ్ముడికి ఒక ఫోన్, బాకీ తీర్చవలసిన ఒక ఇల్లు, కూర్చోబెట్టుకుని వాక్యం చెప్పవలసిన ఒక బిడ్డ...

హిజ్కియాకు 15 ఏళ్లన్న లెక్కయినా తెలుసు. మనకు అదీ తెలియదు. మనకు దేవుడు ఖాయంగా ఇచ్చింది ‘ఈ రోజు’ మాత్రమే. సాయంకాలమయ్యేలోగా ఆ ఒక్క పని చేద్దాం. ఆ నాలుగు వీధులు నడిచే దీనమనసును ప్రభువు మనందరికీ అనుగ్రహించును గాక!