పంకజం అంటే కప్ప కాదు

బురదలో పుట్టేది పంకజం. ఆ లెక్కన కప్పా పంకజమే, జలగా పంకజమే. అయినా ఆ మాట వినగానే తామర తప్ప మరొకటి గుర్తుకు రాదు. ఇలాంటి పదాలకు మన వ్యాకర్తలు యోగరూఢి అని పేరు పెట్టారు. వ్యుత్పత్తి దారి చూపిస్తుంది, ఎక్కడ ఆగాలో వాడుక చెబుతుంది. ఇంగ్లిష్ మాటల్ని ధాతువులు పట్టుకుని నేర్చుకునేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాలి. పోటీ పరీక్షల పుణ్యమా అని ఆ పద్ధతి మన దగ్గర బాగా పాతుకుపోయింది. నార్మన్ లూయిస్ 1949లో వెలువరించిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ చేతులు మారుతూ ఇప్పటికీ చదివిస్తూనే ఉంది. పద్ధతి మంచిదే. ధాతువు తెలిస్తే చాలు, ఎన్నడూ చూడని మాటకైనా అర్థం చెప్పేయొచ్చన్న ధీమాతోనే చిక్కు.

లాటిన్‌లో ‘స్క్రిబ్’ అంటే రాయడం. ముందుగా రాసి ఇచ్చేది ప్రిస్క్రిప్షన్. కింద సంతకం పెట్టడం సబ్‌స్క్రైబ్. ఇక్కడిదాకా ఊహకు అందుతుంది. మరి ప్రోస్క్రైబ్? ‘ప్రో’ అంటే ముందుకు, బయటికి. రెండూ కలిపితే ‘బహిరంగంగా రాయడం’ అవుతుంది. నిఘంటువు మాత్రం ‘నిషేధించడం’ అంటుంది. క్రీ.పూ. 82లో రోమ్‌ను చేజిక్కించుకున్న సుల్లా తన శత్రువుల పేర్లు రాయించి నగరం నడిబొడ్డున పెట్టించాడు. జాబితాకెక్కినవాణ్ణి చంపితే బహుమానం, వాడి ఆస్తి జప్తు. నిషేధం అన్న అర్థం అక్కణ్నుంచి వచ్చింది. ఎంత తెలివైనవాడైనా ఆ అర్థాన్ని ధాతువు నుంచి లాగలేడు. కానీ ఈ కథ విన్నవాడు ప్రిస్క్రైబ్‌తో దాన్ని ఇక కలగాపులగం చేయడు. ధాతువు చేసే అసలు మేలు ఇదే: నేర్చుకున్న మాటను జారిపోకుండా పట్టి ఉంచడం. ఆహారం, విహారం, సంహారం, పరిహారం ఒకే ధాతువు బిడ్డలని తెలిసిన మనకు ఇందులో వింతేముంది? ఉపసర్గ ధాతువును ఎటు లాక్కెళుతుందో ముందే చెప్పగలిగినవాడు లేడు.

ఈ చదువులో తెలుగువాడికి ఓ సౌకర్యం ఉంది, దాన్ని మన కోచింగ్ పుస్తకాలు వాడుకోవు. మన నుడి రెండంతస్తుల మేడ. ఇంట్లో గుండె, పన్ను. ఆసుపత్రి బోర్డు మీద హృద్రోగం, దంతవైద్యం. ఇంగ్లిషూ అంతే: ఇంట్లో హార్ట్, టూత్, ఆసుపత్రిలో కార్డియాక్, డెంటల్. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక దొరల భాష ఫ్రెంచి అయింది, ఆపైన పండితులు లాటిన్, గ్రీకుల నుంచి నేరుగా అరువు తెచ్చుకున్నారు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టాయని 1786లో విలియం జోన్స్ కలకత్తాలో ప్రకటించాడు. తెలుగు ఆ కుటుంబానిది కాదని 1816లో మద్రాసులో ఎల్లిస్ చూపించాడు. కాబట్టి మన అచ్చతెలుగు కింది అంతస్తు నుంచి వంతెన లేదు, సంస్కృతపు పై అంతస్తు నుంచి ఉంది. పన్ను ఎందుకూ సాయపడదు. దంతం డెంటల్‌ను అందిస్తుంది. జ్ఞానం పట్టుకుంటే డయాగ్నసిస్, ఇగ్నోరెన్స్ రెండూ దొరుకుతాయి. ఒకప్పుడు పలికి ఇప్పుడు మూగబోయిన ‘నో’లోని మొదటి కె అక్షరం కూడా ఆ జ్ఞానపు తునకే. బ్యాంకువాళ్ల క్రెడిట్‌కూ మన శ్రద్ధకూ చుట్టరికం ఉందంటే నమ్మబుద్ధి కాదు గానీ, అదీ నిజమే.

పోలికలు మోసం చేస్తాయి కదా అంటారా? చేస్తాయి. పెడెస్ట్రియన్‌లోది లాటిన్ పాదం, పీడియాట్రిక్స్‌లోది గ్రీకు పిల్లవాడు. దేవుడికీ, థియాలజీలోని గ్రీకు ‘థియోస్’కూ అర్థం ఒకటే, చుట్టరికం మాత్రం లేదు. అన్నిటినీ సంస్కృతంలోంచి పుట్టించే ఉత్సాహవంతులు ఇక్కడే బోర్లా పడతారు. ధ్వని పోలిక చాలదు, నిఘంటువు సాక్ష్యం కావాలి. ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది. రోజూ నోట నలిగే గెట్, పుట్, టేక్‌లకు లాటిన్‌తో పనే లేదు. ‘పుట్ అప్ విత్’ అంటే భరించడమని ఏ ధాతువూ చెప్పదు. ఒప్పుకోవాల్సిందే. మాట్లాడటం నేర్చుకునేవాడికి ధాతువుల పట్టిక ఇవ్వడం ఆకలేసినవాడికి విత్తనాలివ్వడమే. వైద్యం, న్యాయం, సంపాదకీయాలు చదివేవాడి సంగతి వేరు. అతనైనా మాటను ముందు వాక్యంలో కలుసుకోవాలి, తర్వాత నిఘంటువు తెరవాలి, ఆ తర్వాతే పుట్టుపూర్వోత్తరాలు. మన పుస్తకాలు ఈ వరసను తలకిందులు చేసి, ముందే వంద ధాతువులు బట్టీ పట్టిస్తున్నాయి.

మన పందికొక్కు ఇంగ్లిష్‌లోకి వెళ్లి బాండికూట్ అయింది. తర్వాత అదే పేరును ఆస్ట్రేలియాలోని మరో జంతువుకు అంటగట్టారు. అక్కడి విద్యార్థి ఎవరైనా ధాతువు విప్పి చూస్తే పందీ, ఎలుకా కనిపిస్తాయి. అతని పెరట్లో తిరిగేది ఆ రెండూ కాదు, కంగారూలా సంచిలో పిల్లల్ని మోసే ప్రాణి.