గృహ విజ్ఞానం నుంచి కమ్యూనిటీ సైన్స్ వరకు: పేరు మారిన చదువు, పెరిగిన పరిధి

గృహ విజ్ఞాన శాస్త్రమనగానే వంటలు, కుట్లు, అల్లికలు నేర్పే చదువని భావించేవారు నేటికీ ఎందరో ఉన్నారు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో ఈ కోర్సు పేరు కమ్యూనిటీ సైన్స్‌గా మారడంతో మరో అయోమయం తోడైంది. కొందరు దీనిని సాంఘిక శాస్త్రమని పొరబడుతున్నారు. నిజానికి ఇది రసాయన, జీవశాస్త్రాల పునాదిపై నిలిచిన నాలుగేళ్ళ సైన్సు పట్టా.

ఈ శాస్త్రానికి ఆద్యురాలుగా పేరొందిన ఎలెన్ స్వాలో రిచర్డ్స్ స్వయంగా రసాయన శాస్త్రవేత్త. ఆమె నాయకత్వంలో 1899లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో జరిగిన సమావేశం ఈ విద్యకు రూపురేఖలు దిద్దింది. మన దేశంలో ఢిల్లీలోని లేడీ ఇర్విన్ కళాశాల 1932లో వెలసింది. పేరు మార్పు కూడా కొత్త విషయమేమీ కాదు. అమెరికాలో గృహ ఆర్థిక శాస్త్ర సంఘం 1994లోనే తన పేరును కుటుంబ, వినియోగదారుల శాస్త్రాల సంఘంగా మార్చుకొంది. మన దేశంలో భారత వ్యవసాయ పరిశోధన మండలి ఐదవ డీన్ల కమిటీ సిఫారసులతో గృహ విజ్ఞానం కమ్యూనిటీ సైన్స్ అయింది.

ఆహార, పోషణ శాస్త్రం. మానవ వికాసం, కుటుంబ అధ్యయనం. దుస్తులు, వస్త్ర శాస్త్రం. వనరుల నిర్వహణ, వినియోగదారుల శాస్త్రం. విస్తరణ, ప్రసార నిర్వహణ అనే ఐదు విభాగాలలో బోధన సాగుతుంది. విడివిడిగా చూసినపుడు వీటి మధ్య పొంతన లేదనిపించవచ్చు. క్షేత్రస్థాయిలో అవి ఎలా కలుస్తాయో ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు.

అంగన్‌వాడీ రిజిస్టరులో ఒక బిడ్డ వయసుకు తగిన బరువు లేదని నమోదైందనుకొందాం. అది ఇటీవలి జబ్బు వలన చిక్కిపోవడమా, దీర్ఘకాల లోపం వలన ఎదుగుదల కుంటుపడటమా అన్నది బరువు ఒక్కటే చెప్పజాలదు. ఎత్తు కూడా కొలవవలసి ఉంటుంది. ఇది పోషణ శాస్త్రం నేర్పే పాఠం. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని పప్పు భర్తీ చేస్తుంది కాబట్టి అన్నం, పప్పు కలిపి పెట్టాలనీ ఆ శాస్త్రమే చెబుతుంది. కాని తల్లి నాట్ల పనికి తెల్లవారకముందే వెళ్ళిపోతే ఆ పప్పన్నం తినిపించేదెవరు? ఎనిమిదేళ్ళ అక్క తినిపిస్తే బిడ్డ తినేదెంత? ఇక్కడ మానవ వికాసం, ఇంటి పని వేళల నిర్వహణ ముందుకు వస్తాయి. ఆ తల్లిని నొప్పించకుండా విషయం వివరించడం విస్తరణ విద్య. సరకు మాత్రమే పంపిణీ చేసి బరువు పెరగలేదని నివేదిక రాసే కన్నా, ఈ ప్రశ్నలు అడగగలిగిన సూపర్‌వైజరు ఉండటం ఎంతో మేలు.

వినియోగదారుల విభాగానికి నేడు ప్రాధాన్యం పెరిగింది. ఆహార పొట్లంపై ముద్రించిన పోషక విలువలను చదవడం, ప్రమాణ చిహ్నాలను గుర్తించడం విద్యార్థులు నేర్చుకొంటారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బాధితుడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. ఈ విషయం పట్టణాలలో సైతం చాలామందికి తెలియదు.

తెలుగు నేలపై సైఫాబాద్ కళాశాల ఈ విద్యకు చిరకాల కేంద్రం. 2014లో రాష్ట్ర విభజన తరువాత అది ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరులో ఈ కోర్సును నడుపుతోంది. తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో గృహ విజ్ఞాన విభాగం పాత పేరుతోనే కొనసాగుతోంది.

అధికారులు గమనించవలసిన అంశం ఒకటున్నది. మహిళా, శిశు సంక్షేమ శాఖ సూపర్‌వైజర్లు, శిశు అభివృద్ధి పథక అధికారుల నియామకాలలో గృహ విజ్ఞాన పట్టా ఒక అర్హతగా ఉంటూ వచ్చింది. ప్రకటనలో పాత పేరు మాత్రమే ఉండి, అభ్యర్థి పట్టాపై కొత్త పేరు ఉన్నట్లయితే ధ్రువపత్రాల పరిశీలన వేళ చిక్కులు తప్పవు. అర్హతల జాబితాలో రెండు పేర్లనూ పక్కపక్కనే చేర్చితే, నాలుగేళ్ళు చదివిన అభ్యర్థి సమానార్హత పత్రం కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసిన అవసరం ఉండదు. పత్రికలు సైతం ప్రవేశాల వార్తలలో రెండు పేర్లనూ ఇవ్వడం తల్లిదండ్రులకు ఉపయోగకరం.