బాట చివరి సముద్రం

అబ్దుల్లాపూర్‌మెట్‌లో నిలుచున్నవానికి సముద్రం తలపునకు రాదు. చుట్టూ బండరాళ్లు, ఎర్రమట్టి చెలకలు, వాటిని నానాటికి ఆక్రమించుకొంటున్న నగరపు ఇండ్లు. కడలి అక్కడికి మూడు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నది. అయినా ఆ ఊరికీ సముద్రానికీ ఒక చుట్టరికం కలదు. ఊరి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో బయలుదేరి, షోలాపూరు, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడ దాటి మచిలీపట్నంలో ముగుస్తుంది. ఆ బాటను విడువక తూర్పుగా సాగినవానికి చివరకు ఎదురుపడేది బంగాళాఖాతమే.

సెలవులు రాగానే పిల్లాపాపలతో ఆ దారి పట్టే కుటుంబాలు నేడు అనేకం. వారికి తెలిసినా తెలియకున్నా, ఆ పయనం మిగుల పురాతనమైనది. అబ్దుల్లాపూర్‌మెట్‌కు పడమటనున్న హయాత్‌నగర్‌లో హయాత్‌ బక్షీ బేగం పేర వెలసిన మసీదు, సరాయి నేటికీ గోల్కొండ కాలపు బాటసారులను జ్ఞప్తికి తెస్తున్నవి. గోల్కొండకు రేవు మచిలీపట్నం. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను అక్కడ వర్తకస్థానాలు నెలకొల్పుకొన్నారు. వజ్రాల బేరగాడు తావెర్నియే ఆ దారిన ప్రయాణించినాడు. బేగం కుమారుడు అబ్దుల్లా కుతుబ్‌షా 1639లో సపరివారంగా మచిలీపట్నానికి తరలి వెళ్లినాడు. రాజధానిని విడిచి రేవును చూడబోయిన ఆ ప్రయాణంలో రాచకార్యంతోపాటు విహారమూ పాలుపంచుకొని ఉండుట సహజమే.

అంతటి రేవు పిమ్మట చిక్కిపోయినది. తీరం వెంబడి లోతు చాలదు. పెద్ద ఓడలు దూరాన లంగరు వేసికొని నిలువవలసినదే. సరకును పడవలమీద చేరవేయవలసినదే. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన బెట్టుకొన్నది. వర్తకం ఇతర రేవులకు తరలిపోయినది. అయినా ఊరు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1902లో కృష్ణా పత్రికను, 1923లో పట్టాభి సీతారామయ్యగారి ఆంధ్రా బ్యాంకును తెలుగువారికి ప్రసాదించినది ఆ బందరే.

బందరుకు పది పదకొండు కిలోమీటర్ల దూరాన మంగినపూడి ఉన్నది. తెల్లని ఇసుకను ఊహించుకొని వచ్చినవారికి మొదట కొంత ఆశాభంగం తప్పదు. అక్కడ కాలికి తగిలేది నల్లమట్టి. నీరు కూడ నీలంగా కాక బురద రంగున ఉంటుంది. కాని నాలుగడుగులు వేయగానే దాని గుణం బోధపడుతుంది. కొంతదూరం వరకు నీరు లోతుగా ఉండదు.  సముద్రాన్ని చులకన చేయరాదన్న హెచ్చరిక మరువనంతవరకు, ఇంతటి నిమ్మళమైన తీరం అరుదు. కార్తిక పౌర్ణమినాడు స్నానాలకు జనం విరగబడి వస్తారు. తక్కిన దినాలలో వలలు బాగుచేసికొనే బెస్తవారు, కాకులు, గాలి. ఓడలను దూరముంచిన ఆ లోతు లేమియే విహారికి వరమైనది.

ఇట్టి కథ బందరుకే పరిమితం కాదు. పసిఫిక్‌ తీరాన మెక్సికోలోని అకపుల్కో 1565 నుండి 1815 వరకు మనీలా ఓడలకు రేవు. మన కోరమాండల్‌ వస్త్రాలు సైతం మనీలా మీదుగా ఆ రేవును చేరినవి. ఓడలు నిలిచిపోగా ఆ ఊరు మరుగునపడి, 20వ శతాబ్దంలో సినిమాతారలు, సంపన్నులు వచ్చి సేదదీరే విహారనగరమై వెలిగినది. 2023 అక్టోబరులో ఓటిస్‌ తుపాను దానిని చిందరవందర చేసినది. సెలవుల సముద్రం, ఉప్పెనల సముద్రం వేరు కావని అకపుల్కో చెప్పినదీ, బందరు ఏనాడో అనుభవించినదీ ఒక్కటే.

మచిలీపట్నం వద్ద కొత్త రేవు నిర్మాణానికి 2023 మే నెలలో శ్రీకారం చుట్టినారు. యంత్రాల మోత వినవచ్చునాడు మంగినపూడి నిమ్మళం చెదరునేమోనని విహారి దిగులుపడవచ్చును. ఆ దిగులులో న్యాయం లేకపోలేదు. బెస్తవారి పడవలకు చోటు, జనుల స్నానాలకు ఒడ్డు మిగులవలసినదే. కాని పని కోల్పోయి నూటయేబది యేండ్లు వేచిన ఊరు మరల పనిని కోరుట నేరమా? ఒక ఊరి లేమి మరొక ఊరికి శాశ్వతంగా విలాసం కారాదు. రెండు దినాలు సేదదీరి పోవువాడు, అక్కడనే బ్రతుకవలసినవాని పక్షాన ఒక్క క్షణమైనా ఆలోచింపవలెను.

తిరుగు ప్రయాణంలో బందరు లడ్డూల పొట్లం ఒడిలో పెట్టుకొని కుటుంబాలు అదే బాటన పడమటికి మరలుతవి. తెల్లవారేసరికి మళ్లీ బండరాళ్లు, ఎర్రమట్టి. ఇంటి గడపలో పిల్లల చెప్పులు దులిపినప్పుడు ఎండి రాలే నల్లమట్టి మాత్రం, ఇంటి ముందరి దారి ఎందాక పోతుందో చెబుతూనే ఉంటుంది.