పెళ్లి వీడియోకు పాట పందిట్లోనే ఉంది

ఒంగోలు: పెళ్లి ముహూర్తాలు వచ్చాయంటే మన పల్లెల్లో వీడియో తీసేవారికి తీరిక ఉండదు. తలంబ్రాల దగ్గర ఒక సినిమా పాట, అప్పగింతల దగ్గర మరొకటి కలిపి ఇవ్వడం ఆనవాయితీ అయిపోయింది. చిక్కంతా ఆ వీడియోను దూరాన ఉన్న బంధువుల కోసం యూట్యూబులో పెట్టినప్పుడు వస్తున్నది.

ఈ ప్రాంతంలో ఒక రైతు కూతురి పెళ్లికి గల్ఫులో ఉన్న అన్న సెలవు దొరక్క రాలేకపోయాడు. చెల్లెలి అప్పగింతలు చూద్దామని సెల్‌ఫోను తెరిస్తే బొమ్మ ఉంది, శబ్దం లేదు. వెనుక కలిపిన సినిమా పాట హక్కు వేరొకరిది కావడంతో ఆ భాగానికి ధ్వని ఆగిపోయింది. పాటతోపాటు తల్లి ఏడుపు, తండ్రి అల్లుడితో చెప్పిన నాలుగు మాటలూ పోయాయి. పాట లేకుండా మళ్లీ చేయమంటే, అసలు రికార్డు చెరిపేశానన్నాడట వీడియో తీసినతను.

పెళ్లిలో పాటకు లైసెన్సు అక్కర్లేదని విన్నామే అని పలువురు అడుగుతున్నారు. నిజమే. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షనులో పెళ్లి ఊరేగింపుకు, పెళ్లి వేడుకలకు మినహాయింపు ఉంది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఈ సంగతినే మరోసారి ప్రకటించింది. అయితే అది పందిట్లో మోగే పాటకు. అదే పాటను వీడియోకు అతికించి లోకానికంతటికీ చూపడం వేరే పని. పది సెకన్లయితే ఫరవాలేదు, సినిమా పేరు వేస్తే చాలు అన్న మాటలు చట్టంలో ఎక్కడా లేవు.

సినిమా పాటకు అనుమతి తేవాలంటే రికార్డు హక్కు ఒకరిది, సాహిత్యం, బాణీల హక్కు మరొకరిది కావచ్చు. పల్లెటూరి పెళ్లి వీడియోకు అంత తిరుగుడు ఎవరు తిరుగుతారు? యూట్యూబువారే ఆడియో లైబ్రరీ పేరిట కొంత సంగీతం ఉచితంగా ఇస్తున్నారు. కొన్నింటికి సంగీతం చేసినవారి పేరు వీడియో కింద రాయాలి, అంతే. చందా కట్టించుకుని సంగీతం ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. ఇతరులకు చేసిచ్చే వీడియోలకు అది పనికివస్తుందో లేదో షరతులు చదివాకే కట్టాలి. అయినా పియానో మోతలో మాంగల్యధారణ ఏం బాగుంటుంది?

నాదస్వరంతో దేశమంతటా పేరు పొంది, 1977లో పద్మశ్రీ అందుకున్న షేక్ చినమౌలానా మన కరవది వారే. ఆయన పుట్టిన గడ్డ మీద సన్నాయికి కరువేమిటి? ముహూర్తానికి ముందు మేళంవారిని ఒక అరగంట విడిగా కూర్చోబెట్టి, మైకు దగ్గరగా పెట్టి రికార్డు చేసుకుంటే వీడియోకు సరిపడా సంగీతం వస్తుంది. ఊరేగింపులో సినిమా పాటలు వాయిస్తే వాయించనీయండి, ఆ అరగంట మాత్రం కీర్తనలే అడగాలి. రచయిత గతించిన 60 ఏళ్లకు హక్కు తీరిపోతుంది. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు కనుక ఆయన కృతులు అందరివీ. అన్నమయ్య పదాల దగ్గర జాగ్రత్త. సాహిత్యం పాతదే గాని, బాణీలు చాలావరకు గత శతాబ్దంలో కట్టినవి. పేరున్న విద్వాంసుల క్యాసెట్టులోంచి త్యాగరాజ కృతిని ఎత్తుకోవడమూ కుదరదు. కృతి అందరిదైనా ఆ రికార్డు కంపెనీది.

వాయించినవారికీ చట్టంలో హక్కు ఉంది. రికార్డు చేసి యూట్యూబులో పెట్టడానికి సమ్మతమేనని కాగితం మీద సంతకం తీసుకోవాలి, అందుకు వేరుగా డబ్బూ ఇవ్వాలి. డీజే పెట్టెలు వచ్చాక పిలుపులు తగ్గిన మేళంవారికి అదొక ఆసరా. ఆ కాగితం దాచుకుంటే రేపు ఎవరైనా అభ్యంతరం చెప్పినా చూపవచ్చు.

వీడియోకు బయానా ఇచ్చేటప్పుడే, పాట కలపని అసలు రికార్డు ఒక ప్రతి పెన్‌డ్రైవులో ఇవ్వాలని మాట్లాడుకోవాలి. గల్ఫులోని అన్నకు పంపడానికి ఇప్పుడు అదే లేకపోయింది.