వార్తల్లో పదం: మానసిక కారణ మూర్ఛలు

చూస్తే అచ్చం మూర్ఛే. కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, పిలిస్తే పలకరు. చాలామందికి కళ్లు గట్టిగా మూసుకుపోతాయి. అదే సమయంలో మెదడు విద్యుత్‌ను నమోదు చేసే వీడియో ఈఈజీ పరీక్షలో మాత్రం మూర్ఛకు ఉండే విద్యుత్ అలజడి కనిపించదు. ఇది నటన కాదు. ఇంట్లోవాళ్లు ఆ మాట అననేకూడదు.

మూర్ఛ మాత్రలు దీన్ని తగ్గించవు. కొందరికి రెండు జబ్బులూ ఉంటాయి కనుక సొంతంగా మానేయొద్దు. అసలు మందు మాటల చికిత్స. బ్రిటన్‌లో 368 మందిపై జరిగి, 2020లో వెలువడిన కోడెస్ పరిశోధనలో సీబీటీ అనే మాటల చికిత్సతో మూర్ఛల సంఖ్య చెప్పుకోదగ్గంత తగ్గలేదు, రోజువారీ జీవితం మాత్రం మెరుగైంది. ఇది చిన్న లాభం కాదు.

భిలాయి వంటి ఉక్కు ఊళ్లో క్రేన్ మీదో కొలిమి దగ్గరో పనిచేసేవారికి జబ్బేమిటో తేలేదాకా ప్రమాదం లేని నేలమీది పని ఇవ్వాలి. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టొద్దు, తల కింద మెత్తటి గుడ్డ చాలు. అక్కడి తెలుగు కుటుంబాలు తెలుగులోనే మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది.