మీకు తెలుసా? లక్నవరం బోటుకూ జంపన్నవాగు స్నానానికీ చుట్టరికం ఉంది!

మేడారంలో యాట్ క్లబ్ లేదు, తెరచాప పడవల పోటీలూ లేవు. అయినా ములుగు జిల్లాలో నీటి షికారుకు కొదవ లేదు. లక్నవరంలో బోట్లు తిరుగుతాయి, రామప్ప చెరువులోనూ తిరుగుతాయి. సెలవు రోజొస్తే హన్మకొండ నుంచీ హైదరాబాద్ నుంచీ జనం దిగుతారు. కానీ ఈ చెరువులను ఎవరూ షికారు కోసం కట్టలేదు. పొలం తడపడానికి కాకతీయుల కాలంలో కట్టారు. కాబట్టి ఇక్కడ బోటు నడిపేవారికైనా ఎక్కేవారికైనా వరస ఒకటే: నీళ్లు ముందు, సరదా తర్వాత. ఆ వరస తప్పకుండా షికారు చేయడం ఎలాగో చెప్పే కొన్ని సంగతులు ఇవి.

1. బోటు తిరిగిన నీళ్లే జాతరకు వస్తాయి

గోవిందరావుపేట మండలంలో కొండల మధ్య సందులకు కట్టలు వేసి నిలిపిన నీరు లక్నవరం. వేలాడే వంతెన, దీవుల మీద కాటేజీలు, వాటి చుట్టూ పర్యాటక శాఖ బోట్లు అందరికీ తెలిసినవే. తెలియనిది ఇది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారంలో సమ్మక్క–సారలమ్మ జాతర వస్తుంది. ఆ రోజుల్లో వాన ఉండదు, మేడారం పక్కన పారే జంపన్నవాగు సన్నబడిపోతుంది. లక్షలాది భక్తుల స్నానాలకు నీళ్లు కావాలి కదా! అందుకని లక్నవరం నుంచి వాగులోకి నీరు వదులుతారు. అంటే చెరువులో ఇంజను కార్చిన నూనె, ఎవరో విసిరిన కవరు తూము దగ్గర ఆగిపోయేవి కావు. పొలానికో వాగుకో చేరతాయి.

2. చెంచాడు నూనె అర ఎకరం కప్పేస్తుంది

అమెరికా మేధావి బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్‌లోని క్లాపమ్ కామన్ చెరువులో ఒక చెంచాడు నూనె పోసి చూశాడు. అది పరుచుకుంటూ పోయి దాదాపు అర ఎకరం మేర అలలను అణిచేసింది. ఆ వివరాలు 1774లో అచ్చయ్యాయి. ఆయన ఆసక్తి అలల మీద. మనం నేర్చుకోవాల్సిన పాఠం వేరు. డబ్బాతో ట్యాంకులో పెట్రోలు పోసేటప్పుడు ఒలికే నాలుగు చుక్కలు ‘నాలుగు చుక్కలే’ కావు. నీటి మీద రంగురంగుల పొరగా చాలా దూరం సాగుతాయి. విరుగుడు ఖరీదైనదేమీ కాదు. ట్యాంకు ఊడదీసి ఒడ్డున నింపడం, గరాటు వాడటం, మూతి దాకా నింపకుండా కాస్త ఖాళీ వదలడం, బోటు అడుగున చేరే నీటిని తోడిపోసే ముందు అందులోని నూనెను పీల్చే గుడ్డ వేయడం. ఇంతే.

3. పాత టూ–స్ట్రోక్ మోటారు పెట్రోలు తాగుతుంది, ఉమ్మేస్తుంది కూడా

పాతకాలపు కార్బురేటర్ టూ–స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారులో కొత్త పెట్రోలు లోపలికి వచ్చే దారీ, పొగ బయటికి పోయే దారీ ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. దాంతో పోసిన పెట్రోలులో నాలుగో వంతు దాకా కాలకుండానే జారిపోతుంది. పైగా ఆ పెట్రోలులో ఇంజనాయిల్ కలిపి ఉంటుంది, పొగ గొట్టం నీటి అడుగునే ఉంటుంది. నీళ్లలోకి సూటిగా పోయినట్టే లెక్క. అమెరికాలోని టాహో సరస్సులో ఇలాంటి మోటార్లను 1999లోనే ఆపేశారు. ఫోర్–స్ట్రోక్ మోటారుకు మారితే నీటికీ మంచిది, పెట్రోలు బిల్లుకూ మంచిది.

4. బ్యాటరీ బోటు నిన్నమొన్నటిది కాదు

1838లోనే మోరిట్జ్ యాకోబీ అనే శాస్త్రవేత్త రష్యాలోని నెవా నదిలో విద్యుత్ మోటారుతో పడవ నడిపించాడు. జర్మనీలో బవేరియా కొండల మధ్య కోనిగ్జీ అనే సరస్సు ఉంది. అక్కడ 1909 నుంచి యాత్రికులను తిప్పేవి విద్యుత్ బోట్లే. మన దేశంలోనే కేరళలో ‘ఆదిత్య’ అనే సౌర విద్యుత్ ఫెర్రీ 2017 జనవరి నుంచి వైకోం–తవణక్కడవు మధ్య నడుస్తోంది. ఒకేసారి 75 మంది ఎక్కవచ్చు. లక్నవరం లాంటి చోట్లకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. చుట్టు చిన్నది, బోటు బయలుదేరిన జెట్టీకే తిరిగొస్తుంది, రాత్రంతా ఖాళీగా ఉంటుంది. ఛార్జింగుకు అంతకంటే ఏం కావాలి? చప్పుడు ఉండదు కాబట్టి పక్షి ఎగిరిపోకముందే దాన్ని చూడవచ్చు. ఒక్క జాగ్రత్త: పాడైన బ్యాటరీ ఒడ్డున పడి ఉండకూడదు, తీసుకునేవారికి లెక్కగా అప్పగించాలి. ఇక ఏ బ్యాటరీ అక్కర్లేని పెడల్ బోటు ఎలాగూ ఉంది. దాని ఇంధనం పొద్దున తిన్న ఇడ్లీయే.

5. తెరచాప క్లబ్బులోనూ పెట్రోలు ఖర్చుంటుంది

హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌ను 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టారు. నేడు తెలుగునాట సెయిలింగుకు పెద్ద బడి అదే. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకూ తెరచాప పట్టడం నేర్పి జాతీయ పోటీలకు పంపింది. తెరచాపకు గాలే ఇంధనం. కానీ పిల్లలు నీటి మీద ఉన్నంతసేపూ శిక్షకుడి బోటు, రక్షణ బోటు వెంట ఉండాలి. పోటీ గుర్తులుగా నీటి మీద తేలేలా వేసే బోయాలను గాలి మళ్లినప్పుడల్లా జరపడానికి మరో బోటు తిరగాలి. అవన్నీ మోటారువే. అందుకే ఈ క్లబ్బుల్లో పొదుపు అక్కడి నుంచే మొదలవ్వాలి. శిక్షకుడి బోటుకు విద్యుత్ మోటారు పెట్టవచ్చు. లంగరు లేకుండా జీపీఎస్ సాయంతో తన చోట తానే నిలబడి, చెబితే జరిగే బోయాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. పోటీలను పర్యావరణానికి హాని లేకుండా జరపడానికి అమెరికాలో 2004లో పుట్టిన ‘సెయిలర్స్ ఫర్ ది సీ’ సంస్థ క్లబ్బులకు ఒక పద్ధతి తయారుచేసి ఇచ్చింది. అందులో ముఖ్యమైనది నీళ్ల బాటిళ్ల బదులు నింపుకునే సీసాలు. అయితే హుస్సేన్‌సాగర్‌కు అసలు జబ్బు క్లబ్బుల వల్ల వచ్చింది కాదు, నాలాలు మోసుకొచ్చే మురుగు వల్ల. ఆ నీటి మీద రోజూ ఉండేవారు కాబట్టి దాని గురించి గట్టిగా అడగగలిగేది కూడా సెయిలర్లే.

6. ఫ్రాన్సులో ఆల్చిప్పలను దెబ్బతీసింది బోటుకు వేసిన రంగు

సముద్రంలో ఉండే పడవ అడుగుకు నత్తలూ గవ్వలూ పట్టేస్తాయి. పట్టకుండా విషం కలిపిన రంగు పూస్తారు. 1970ల చివర్లో ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల సాగు కుప్పకూలింది. చిప్పలు వంకర్లు తిరిగాయి, పిల్లలు బతకలేదు. కారణం షికారు పడవల రంగులోని టీబీటీ అనే తగరపు రసాయనం అని తేలింది. 1982లో ఫ్రాన్స్ 25 మీటర్లలోపు పడవలకు దాన్ని ఆపేసింది. 2001లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరి 2008లో అమల్లోకి వచ్చింది. టీబీటీ పోయాక రాగి కలిపిన రంగులు వచ్చాయి. వాటి మీదా ఇప్పుడు అభ్యంతరాలున్నాయి. మన చెరువులకు శుభవార్త ఏమిటంటే, పడవను పట్టి పీడించే ఆ సముద్రపు జీవులు మంచినీళ్లలో బతకవు. ఇక్కడ పట్టేది పాచే. ఆట అవగానే ఒడ్డుకు లాగి ఆరబెట్టే చిన్న పడవకైతే అదీ పట్టదు. కాబట్టి చెరువు బోటుకు విషపు రంగు దండగ. మెత్తటి బ్రష్షూ మంచినీళ్లూ చాలు, అదీ ఒడ్డు మీద, సబ్బు లేకుండా.

7. తాటి దోనె మట్టిలో కలుస్తుంది, ఫైబర్ బోటు కలవదు

కొల్లేటి వాసులు తాటి మానును తొలిచి దోనె చేసుకున్నారు. కృష్ణా గోదావరుల్లో వెదురు అల్లి పుట్టి కట్టుకున్నారు. కాలం తీరాక అవి పొయ్యిలోకో మట్టిలోకో పోయేవి. ఫైబర్‌గ్లాస్ బోటు అలా కాదు. గాజు నారనూ ప్లాస్టిక్ జిగురునూ కలిపి గట్టిపరిచిన దాన్ని మళ్లీ విడదీయడం కష్టం. ఒడ్డున వదిలేస్తే ఎండకు పొట్టు లేచి నీళ్లలోకే రాలుతుంది. ఫ్రాన్స్ 2019 నుంచి కాలం తీరిన షికారు బోట్లను విప్పి పారవేసే భారం వాటిని తయారుచేసి అమ్మేవారి మీదే పెట్టింది. మన దగ్గర బోట్లు కొనే టెండర్లలో ‘పనికిరాకుండా పోయాక వెనక్కి తీసుకెళ్లాలి’ అనే ఒక్క వాక్యం చేరిస్తే సగం పని అయిపోతుంది. అసలు బోటును ఎండకు కప్పి, పగుళ్లను వెంటనే పూడ్చి పదేళ్లు ఎక్కువ నడిపించడమే అన్నిటికంటే పెద్ద పొదుపు.

8. రామప్ప ఇటుకా తేలుతుంది, థర్మోకోలూ తేలుతుంది

రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. గోపురానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలికైనవి. నీటిలో తేలే వస్తువు ఇప్పుడూ కావాలి, జెట్టీల కింద. చాలాచోట్ల అందుకు థర్మోకోల్ దిమ్మలు వాడారు. ఎండకూ అలలకూ అవి పూసలు పూసలుగా విడిపోతాయి. చేపలు తిండి అనుకుని మింగుతాయి. అందుకే అమెరికాలో కొన్ని రాష్ట్రాలు గట్టి తొడుగు లేని థర్మోకోల్‌ను జెట్టీల కింద నిషేధించాయి. గాలి నింపిన గట్టి ప్లాస్టిక్ పెట్టెలను ఒకదానికొకటి తగిలించే పద్ధతి మేలు. ఒకటి పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు.

9. అల కూడా కట్టను కోస్తుంది

స్పీడ్ బోటు వెనక లేచే అల ఒడ్డును కొట్టి ఆగిపోతుంది అనుకుంటాం. కొట్టిన ప్రతిసారీ ఇంత మట్టి తీసుకుపోతుంది. లోతు తక్కువ చోట మోటారు పంకా అడుగు బురదను లేపుతుంది. అందులో నిద్రపోతున్న భాస్వరం పైకొచ్చి పాచికి ఎరువవుతుంది. మన చెరువుల కట్టలు మట్టివి, అవి తెగితే ఆయకట్టంతా ఆగమే. ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సులో 2005 నుంచి గంటకు 10 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 18.5 కిలోమీటర్లు దాటకూడదన్న నియమం ఉంది. ఇక్కడ ఇంకా సులువు: కట్టకూ దీవులకూ దూరంగా బోయాలతో ఒక గీత గీసి, ఆ గీతకూ ఒడ్డుకూ మధ్య బోట్లు నిదానంగానే వెళ్లాలని చెప్పడమే.

10. గుర్రపు డెక్క టికెట్ లేకుండా ప్రయాణిస్తుంది

గుర్రపు డెక్క మన మొక్క కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. అనువైన నీరు దొరికితే రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. దాని గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. ఒక చెరువు నుంచి మరో చెరువుకు బోటును లారీలో తెచ్చినప్పుడు మోటారుకు చుట్టుకున్న ఒక్క పిలక చాలు. అందుకే బ్రిటన్ క్లబ్బుల్లో మూడు మాటల నియమం నేర్పుతారు: చూడు, కడుగు, ఆరబెట్టు. హుస్సేన్‌సాగర్‌లో తిరిగిన బోటును లక్నవరంలో దించాలంటే ముందు ఎండలో బాగా ఆరాల్సిందే.

11. విస్తరి ములుగు అడవిలోనే ఉంది

2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాల మీద నిషేధం ఉంది. అయినా బోటులో భోజనం పెట్టే చోట పల్చటి ప్లాస్టిక్ పూత వేసిన పేపర్ ప్లేటు కనబడుతూనే ఉంటుంది. పాపికొండల షికారులా రోజంతా సాగే ప్రయాణంలో ఇవి కుప్పలవుతాయి. మోదుగాకు విస్తరి కుట్టడం తెలిసిన చేతులు ఈ అడవి పల్లెల్లోనే ఉన్నాయి. లక్నవరం క్యాంటీన్‌కు కావలసిన విస్తర్లు తాడ్వాయి మహిళా సంఘాలే ఇస్తే చెత్తా తగ్గుతుంది, నాలుగు ఇళ్లకు ఆదాయమూ వస్తుంది.

12. వరద గోదాము తాళం అడగదు

2023 జులైలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతవరకూ అంత వాన నమోదు కాలేదు. జంపన్నవాగు పొంగి కొండాయిలో ప్రాణాలు పోయాయి. అలాంటి రోజున ఒడ్డున ఉన్న పెట్రోలు డబ్బా, పెయింటు డబ్బా, పాత బ్యాటరీ అన్నీ వాగులోకే. అందుకే బోటు నిర్వాహకులు ఇంధనాన్ని మత్తడి మట్టానికి బాగా ఎత్తున, కింద తొట్టి కట్టిన గదిలో పెట్టాలి. వానాకాలం మొదలవకముందే ఒకసారి లెక్క చూసుకోవాలి.

13. నీలి జెండా ఇచ్చినవారే తీసుకోగలరు

విశాఖ రుషికొండ బీచ్‌కు 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు వచ్చింది. 2025లో నిర్వహణ లోపాల వల్ల కొన్నాళ్లు పోయి, సరిదిద్దుకున్నాక మళ్లీ వచ్చింది. ఈ గుర్తింపు బీచ్‌లకే కాదు, పడవల రేవులకూ పర్యాటక బోట్లు నడిపేవారికీ కూడా ఇస్తారు. నీటి నాణ్యత, చెత్త, మురుగు, భద్రత అన్నీ చూస్తారు. ఒకసారి గెలిస్తే చాలదు, ఏటా నిలబెట్టుకోవాలి. మన చెరువుల బోటింగుకూ ఏటా బయటివారు వచ్చి చూసి మార్కులు వేసే పద్ధతి ఒకటి ఉంటే బాగుంటుంది.

టికెట్ కొనేముందు అయిదు ప్రశ్నలు

• ఈ బోటు పెట్రోలుదా, బ్యాటరీదా? పెట్రోలుదైతే టూ–స్ట్రోకా, ఫోర్–స్ట్రోకా?
• ఇంధనం ఎక్కడ నింపుతారు? నీటి మీదా, ఒడ్డునా?
• నా సీసాలో నీళ్లు నింపుకోవడానికి ఇక్కడ నల్లా ఉందా?
• దీవి మీది కాటేజీల మురుగు ఎక్కడికి పోతుంది?
• ఒడ్డున బోర్లాపడి ఉన్న ఆ పాత బోట్లను ఏం చేస్తారు?

కౌంటర్ దగ్గర కూర్చున్న కుర్రాడికి జవాబులు తెలియకపోవచ్చు. అతన్ని నిలదీయడం మన పని కాదు. కానీ రోజుకు పదిమంది అడిగితే అతను పైవాళ్లను అడుగుతాడు, పైవాళ్లు టెండరు రాసేటప్పుడు గుర్తుపెట్టుకుంటారు. చెరువు మీద బోటు ఎలా ఉండాలో తేలేది ఆ టెండరు కాగితం మీదే.