నలుబదియేండ్ల కాళ్లకు పరుగు

పరుగు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. నడక వచ్చిన కొలది నెలలకే బిడ్డ పరుగెత్తును. కాని బడి విడిచిన పిమ్మట ఇరువది యేండ్లు కుర్చీలో గడిపి, రక్తపుపోటో చక్కెరవ్యాధియో కనబడిన నాడు మరల పరుగెత్తబూనిన వారికి ఆ విద్య అంత సులభముగా తిరిగి రాదు. శ్రీకాకుళములోనైనను విజయనగరములోనైనను తెల్లవారుజామున ఇట్టివారు మైదానములలో కనబడుట నేడు వింత కాదు.

వారి అనుభవము చాలవరకు ఒక్కటే. మొదటి వారము ఆయాసము. మూడవ నాలుగవ వారములకు ఆయాసము తగ్గి ఉత్సాహము పెరుగును, దూరమును పెంచుదురు. రెండవ నెలలో మడమ వెనుకనో, మోకాలిచిప్ప చుట్టునో, మోకాలి దిగువనున్న ముందరి ఎముక వెంబడినో నొప్పి పుట్టును. "వయసు మీరినది, మనకిది తగదు" అని కొందరు మానివేయుదురు. మరికొందరు నొప్పిమాత్ర మ్రింగి పరుగెత్తుదురు. ఈ రెండును సరియైన మార్గములు కావు. వయసు ఈ నొప్పికి కొంత కారణమే. కాని అసలు కారణము వేరు. శరీరములోని భాగములన్నియు ఒకే వేగముతో పరుగునకు అలవాటుపడవు.

అడుగునకు ఎంత బరువు?

నడచునప్పుడు ఏదో ఒక పాదము ఎల్లప్పుడును నేలను తాకియుండును. పరుగులో రెండు పాదములును నేలను విడుచు క్షణము కలదు. అట్లు గాలిలోనికి లేచిన శరీరము మరల ఒంటికాలిపై వ్రాలును. అప్పుడు నేల పాదమును ఎదురు నెట్టు బలము శరీరపు బరువునకు రెండు మొదలు మూడు రెట్లు ఉండును. రెండున్నర రెట్లనుకొన్నచో, 70 కిలోగ్రాముల మనిషి కాలు అడుగడుగునకు 175 కిలోగ్రాముల బరువును కాచుకొనుచున్నదన్నమాట. మెల్లగా పరుగెత్తువాడు కిలోమీటరునకు సుమారు 1100 అడుగులు వేయును. ఐదు కిలోమీటర్లు పరుగెత్తినచో ఒక్కొక్క కాలిపై ఈ బరువు 2750 మారులు పడును. పిక్క కండరమును మడమతో కలుపు త్రాడువంటి భాగమును స్నాయువు అందురు. దానిపై పడు లాగుడు ఇంకను హెచ్చు. అది శరీరపు బరువునకు ఆరు రెట్లు కూడ దాటగలదు.

ముందు గుండె, వెనుక ఎముక

వ్యాయామము ఆరంభించిన ఒకటి రెండు వారములలోనే రక్తములోని ద్రవభాగము పెరుగును. కొలది వారములలో గుండె ఒక్కొక్క మారు పంపు రక్తము హెచ్చును; కండరములు ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి పెరుగును. ఆయాసము తగ్గుటకు కారణమిదే. మనిషి దీనినే చూచి తన శరీరమంతయు సిద్ధమైనదని భ్రమపడును.

ఎముక సంగతి అట్లు కాదు. తనపై పడు భారమునుబట్టి ఎముక తన నిర్మాణమును మార్చుకొనునని జర్మను శస్త్రవైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లో వివరించెను. కాని ఆ మార్పు రెండు అంచెలుగా జరుగును. గోడ నెర్రె విచ్చినప్పుడు తాపీపనివాడు ముందు పాత గారను గీకివేసి, తరువాత క్రొత్తది మెత్తును. అట్లే ఎముకలో కొన్ని కణములు మొదట పాత భాగమును కరిగించును. దీనికి సుమారు మూడు వారములు పట్టును. పిదప మరికొన్ని కణములు క్రొత్త ఎముకను నింపును. దీనికి సుమారు మూడు నెలలు కావలెను. గార గీకిన గోడవలె ఈ నడిమికాలములో ఎముక కొంత బలహీనముగా ఉండును. అప్పుడే మనిషి ఉత్సాహముతో దూరము పెంచినచో ఎముకలో వెండ్రుకవాసి పగులు ఏర్పడవచ్చును.

స్నాయువు ఇంకను నిదానమైనది. ఉద్దానములో పేను కొబ్బరిపీచు త్రాటివలె అది సన్నని పోగుల కట్ట. అందులో రక్తనాళములు తక్కువ గనుక మరమ్మతు ఆలస్యమగును. వయసుతోపాటు పోగులలో సాగుడు గుణము తగ్గును. చక్కెరవ్యాధి ఉన్నచో రక్తములోని చక్కెర ఆ పోగులకు అంటుకొని వానిని మరింత బిరుసెక్కించును.

విశ్రాంతియా, వ్యాయామమా?

నొప్పి తగ్గువరకు మంచమెక్కినచో చాలునని చాలమంది తలతురు. కాని పని లేని స్నాయువు మరింత నీరసించును. మరల పరుగు మొదలుపెట్టగనే నొప్పి తిరిగి వచ్చును.

ఈ విషయమున స్వీడను దేశపు వైద్యుడు హకాన్ ఆల్ఫ్రెడ్‌సన్ వృత్తాంతము తెలిసికొనదగినది. ఆయనకే మడమ స్నాయువు నొప్పి ఉండెడిది. శస్త్రచికిత్సకు పై వైద్యుడు అంగీకరింపలేదు. స్నాయువు పూర్తిగా చెడినచో శస్త్రచికిత్స చేయక తప్పదని తలచి, ఆయన నొప్పిని లెక్కింపక దానికి కఠినమైన వ్యాయామమిచ్చెను. చెడుటకు మారుగా అది బాగుపడెను! తరువాత ఆయన తన తోటివారితో కలిసి 15 మంది పరుగరులపై ఈ పద్ధతిని పరీక్షించి, 1998లో ఫలితములు ప్రకటించెను. వారి సగటు వయసు 44 సంవత్సరములు. మెట్టు అంచున మునివ్రేళ్లపై నిలిచి, మడమను మెట్టు మట్టమునకు దిగువగా మెల్లగా దించుటయే ఆ వ్యాయామము. దినమునకు రెండు పూటలు, 15 మారుల చొప్పున మూడేసి విడతలు చేయుదురు; మోకాలు చాచి ఒకసారి, వంచి ఒకసారి. పన్నెండు వారములకు వారందరును మరల పరుగెత్తగలిగిరి. తరువాతి పరిశోధనలలో అందరికిని ఇంత మేలు కలుగలేదు. అయినను, లెక్కప్రకారము మోపిన భారము స్నాయువునకు ఔషధమగునను సూత్రము నేటికిని నిలిచియున్నది.

ఎంత పెంచవలెను?

వేసవి అంతయు కట్టుకొయ్యనున్న ఎద్దును తొలకరినాడే ప్రొద్దుగూకువరకు దున్నించు రైతు ఉండడు. మన కాళ్లయెడలను ఆ జాలి చూపవలెను. అయిదు వేలకు పైగా పరుగరులను పరిశీలించి 2025లో ప్రకటించిన అధ్యయనమొకటి కలదు. గడచిన 30 దినములలో పరుగెత్తిన అన్నిటికంటె పెద్ద దూరమును ఒకే పరుగులో నూటికి పదికంటె ఎక్కువ మించినచో దెబ్బతిను అవకాశము హెచ్చునని అందు తేలినది. ఆ దూరమునకు రెట్టింపు దాటినచో ప్రమాదము కూడ రెట్టింపు దాటినది.

కనుక క్రొత్తవారు ఒక నిమిషము పరుగు, రెండు నిమిషములు నడకతో మొదలిడవచ్చును. వారమునకు మూడు దినములు చాలును. నడుమ దినములు మరమ్మతునకు విడువవలెను. నేల మార్పుకూడ భారమే. కళింగపట్నమువంటి చోట పొడి ఇసుకలో మడమ క్రుంగి పిక్కపై లాగుడు హెచ్చును. అలలంచున తడి ఇసుక గట్టిదే కాని, వాలుగా ఉండుటచే భారము రెండు కాళ్లపై సమముగా పడదు.

పరుగు మోకాళ్లను అరగదీయునను భయము కూడ చాలమందికి కలదు. 2017లో వెలువడిన ఒక సమీక్షలో, సరదాకు పరుగెత్తువారిలో నూటికి 3.5 మందికి మోకాలి లేక తుంటి కీళ్లవాతము కనబడగా, పరుగెత్తని వారిలో 10.2 మందికి కనబడెను. పరుగే వారిని కాపాడినదని దీనినిబట్టి చెప్పరాదు. కాని ఆ భయము మాత్రము అక్కరలేనిదని తెలియుచున్నది.

మాత్రలు, మూత్రపిండములు

నొప్పిమాత్ర విషయమున శ్రీకాకుళము జిల్లావారు మరింత జాగ్రత్త వహింపవలెను. చెమటతో నీరు తగ్గినప్పుడు మూత్రపిండములలోని రక్తనాళములు ముడుచుకొనకుండ శరీరము ప్రోస్టాగ్లాండినులను పదార్థములను తయారుచేయును. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మొదలగు మాత్రలు నొప్పితోపాటు ఈ రక్షణను కూడ అణచివేయును. అనగా ఉక్కపోతలో మాత్ర మ్రింగి పరుగెత్తువాని మూత్రపిండములకు రక్తము తగ్గును.

ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, పలాస ప్రాంతములుగల ఉద్దానములో దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి ఎన్నో కుటుంబములను క్రుంగదీసినది. దీనికొరకు 2023లో పలాసలో పరిశోధన కేంద్రము, ఆసుపత్రి నెలకొల్పబడినవి. ఆ వ్యాధికి మూలకారణము ఇదియేయని ఇంకను తేలలేదు. అట్టిచోట, తెలిసిన హానిని చేతులార తెచ్చుకొనుట తగదు. పైగా మాత్ర నొప్పిని మరుగుపరచునే కాని, ఎముక పగులును పూడ్చదు. అంగడిలో కొన్న మాత్రతో పరుగెత్తుటకంటె ఆ పూట పరుగు మానుట మేలు.

ఎప్పుడు ఆగవలెను?

పరుగు మొదట కొద్దిగా ఉండి, కాళ్లు వేడెక్కగనే తగ్గి, మరునాటి ఉదయము పెరుగని నొప్పికి భయపడనక్కరలేదు. దూరము తగ్గించి, పిక్క వ్యాయామము కొనసాగింపవచ్చును. ఎముకపై ఒకేచోట వ్రేలితో నొక్కిన నొప్పి కలిగినను, రాత్రి పడకలో బాధించినను, కీలు వాచినను పరుగు ఆపి వైద్యునికి చూపవలెను. మడమ వెనుక ఎవరో కొట్టినట్లు ఫటుక్కుమన్నచో స్నాయువు తెగియుండవచ్చును, ఆలస్యము కూడదు. గుండెలో నొప్పి, తల తిరుగుట కలిగినచో ఆ క్షణముననే ఆగి చికిత్స పొందవలెను. రక్తపుపోటు, చక్కెరవ్యాధి ఉన్నవారు పరుగు ఆరంభించుటకు ముందే పరీక్ష చేయించుకొనవలెను.

విద్యార్థులు తమ యింట పరుగు మొదలిడిన పెద్దలకు ఒక సాయము చేయవచ్చును. ఒక పుస్తకములో తేదీ, పరుగెత్తిన దూరము, మరునాటి ఉదయపు నొప్పి వ్రాయుచు, దూరమును గీతపటముగా గీయవలెను. గీత ఎక్కడ నిటారుగా లేచినదో, ఆ తరువాతి దినములలో నొప్పి వ్రాత ఎట్లున్నదో పోల్చి చూడవలెను. గుండె తన అలవాటును ఆయాసము తగ్గుటద్వారా తెలుపును. ఎముకకును స్నాయువునకును అట్టి భాష లేదు. వాని తరఫున ఆ పుస్తకమే మాటలాడవలెను.